ఒకే వైరు మీద రెండు గదులు

కరెంటు మీటర్లన్నీ మునిగిపోయిన పెద్ద వరద వచ్చిందే, దాని మరుసటి ఏడు జరిగింది ఇది. నీళ్ళు వెళ్ళిపోయి నెలలు గడిచినా వీధిలో తడి వాసన పోలేదు. గోడల మీద నడుమెత్తున బురద చార అలాగే మిగిలింది. వాన మాత్రం తన తప్పేమీ లేనట్టు రోజూ వచ్చి పోతుండేది.

ఆ వీధిలో ఒక మేడ మీద రెండు గదులున్నాయి. ఒక దాంట్లో టైలరు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు, మాట్లాడడు, అంతే. గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని పని చెయ్యడం అతని అలవాటు. సూదులు తీశాక కూడా నోరు తెరిచేవాడు కాదు. అందుకని వీధిలో అందరూ అతన్ని గుండీ అనేవాళ్ళు. పెట్టిన గుండీ లాంటి నోరని.

వరదకు ముందు ఆ గదిలో తమ్ముడూ, మరదలూ, వాళ్ళ పిల్లల గోలా ఉండేది. నీళ్ళకు భయపడి వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోయారు. గుండీకి కుట్టుమిషనూ, ఇస్త్రీపెట్టే మిగిలాయి.

ఒక మధ్యాహ్నం అతను ఎవరిదో ప్యాంటుకు ఇస్త్రీ గీత తీస్తున్నాడు. గీత మోకాలి దాకా వచ్చింది. టప్‌మని చప్పుడైంది. ఫ్యాను ఆగింది. ఇస్త్రీపెట్టె దీపం ఆరిపోయింది.

పక్క గది తలుపు ధడాలున తెరుచుకుంది. నిన్నటిదాకా అది ఖాళీ గది. అందులోంచి ఒకమ్మాయి సొరుగు లాంటి నల్లటి గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. మొహమంతా చెమట.

"ఏవండీ! కరెంటు మీరు తీసేశారా?"

గుండీ నోట్లో సూదులున్నాయి. తల అడ్డంగా ఊపాడు.

"మరెవరు తీశారు? నా ముక్కలు సగం వేగి ఆగిపోయాయి. అటు మెత్తనా కాదు, ఇటు గట్టీ కాదు. వీటినేం చేసుకోను?"

అతను మళ్ళీ తల ఊపాడు.

ఆమె గొంతు చటుక్కున తగ్గింది. "అయ్యో, మాటలు రావా మీకు? సారీ అండీ, తెలియక అరిచాను."

గుండీ సూదులు ఒక్కొక్కటే తీసి కాలరుకు గుచ్చుకున్నాడు. అన్నీ అయ్యాక, "వచ్చు" అన్నాడు.

"ఆ ఒక్క మాటకి ఇంత ఏర్పాటా!" అంది ఆమె.

గోల విని కింద నుంచి ఇంటావిడ ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది.

"కొట్టుకు చావకండి. కొత్త మీటర్లు వచ్చేదాకా రెండు గదులకీ ఒకటే వైరు. నీ ఇస్త్రీపెట్టే, ఆ పిల్ల గాలిపొయ్యీ ఒకేసారి పెడితే ఫ్యూజు బతకదు. వంతులేసుకోండి."

"గాలిపొయ్యి కాదండీ, ఎయిర్ ఫ్రయర్. వేడి గాలిలో వేపుతుంది."

"ఏదో ఒకటి. గాలిలో మేడలు కట్టేవాళ్ళని చూశాను గానీ గాలిలో వేపుళ్ళు వేపేదాన్ని నిన్నే చూస్తున్నానే తల్లీ!"

ఆ అమ్మాయే పద్ధతి చెప్పింది. ఫ్రయర్ పెట్టేముందు తను గోడ మీద కొడుతుంది. అయిపోయాక మళ్ళీ కొడుతుంది. "మీరు ఊఁ అంటే చాలు టైలరుగారూ. మాట్లాడక్కర్లేదు, మీకు కష్టం."

గుండీ "ఊఁ" అన్నాడు.

ఆ గదిలోకొచ్చిన తండ్రీకూతుళ్ళ సంగతి గుండీకి ఇంటావిడ ద్వారా తెలిసింది. తండ్రిది ఊరి చివర టిఫిన్ కొట్టు. ఇడ్లీకి పెట్టింది పేరు. వరద ఆ కొట్టును తుడిచిపెట్టింది. వరద వెనకాలే వచ్చిన జ్వరం తల్లిని తీసుకుపోయింది. అటక మీద అట్టపెట్టెలో ఉండబట్టి ఎయిర్ ఫ్రయర్ ఒక్కటే తడవకుండా మిగిలింది. దాంట్లో వేపిన ముక్కలు అమ్మి కూతురు బతుకు లాగుతోంది. పెద్దాయన మాత్రం కిటికీ దగ్గర కుర్చీలో కూలబడి ఉండేవాడు. చూసేందుకు ఆ కిటికీలో వాన తప్ప ఏమీ లేదు.

ఒకరోజు గోడ మీద రెండోసారి చప్పుడయ్యాక ఆమె గుమ్మంలోకి వచ్చి, కాగితం పొట్లం చాపింది.

"విరిగిన ముక్కలు. అమ్మడానికి పనికిరావు. తినడానికి పనికొస్తాయి."

వేలంత ఇడ్లీ ముక్కలవి. అంచులు ఎర్రగా వేగి, పైన కారం, ఉప్పు చల్లి ఉన్నాయి. కొరికితే పైన కరకర, లోపల మెత్తన. గుండీ పొట్లం ఖాళీ చేసి, చాలాసేపు ఆలోచించి అడిగాడు.

"పొద్దున వండిన ఇడ్లీలేనా ఇవి?"

"నిన్నటివి." ఆమె గొంతు తగ్గించింది. "వేడి ఇడ్లీ కత్తికి అంటుకుంటుందండీ. కోస్తే పొడి. కొయ్యగలిగినా ఫ్రయర్లో పైన తోలులా సాగుతుంది, లోపల ముద్ద. రాత్రంతా పల్చటి గుడ్డ కింద ఆరాలి. చల్లబడి బిగుసుకోవాలి. అప్పుడు చెంచాడు నూనె పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మధ్యలో ఒకసారి కుదిపితే ఇలా వస్తాయి. నిన్నటిదైతేనే ఇవాళ కరకరలాడేది."

లోపలి నుంచి పెద్దాయన దగ్గు వినిపించింది. దాని వెనకే మాట.

"నా కొట్టులో నిన్నటి ఇడ్లీ ఏనాడూ పళ్ళెంలో పడలేదు. మిగిలితే ఊరికే పంచిపెట్టాను గానీ, మర్నాడు అమ్మలేదు. ఇప్పుడు చద్దివి అమ్ముకుని తింటున్నాం."

ఆమె మొహంలో దీపం తీసేసినట్టయింది. ఖాళీ పొట్లం గుండీ చేతిలోంచి లాక్కుని వెళ్ళిపోయింది.

రోజులు గడిచాయి. గుండీ చెవులు గోడకు అలవాటు పడ్డాయి. ఆమె కొడితే ఇస్త్రీపెట్టె తీసేసి, మిషను దగ్గర కూర్చుని, పక్క గదిలో గాలి తిరిగే హోరు వినేవాడు. హోరు ఆగితే గోడ మోగేది, వెనకే విరిగిన ముక్కల పొట్లం వచ్చేది. ఒక్కోసారి వసారాలో ఎదురయ్యేవాళ్ళు. వాన జల్లు ఇద్దరి మీదా సమానంగా పడేది. ఆమె చూసేది. అతను చూరు నుంచి కారే నీళ్ళకేసి చూసేవాడు.

"ఇవాళ మూడు మాటలన్నారు," అనేది ఆమె. "దుబారా చెయ్యకండి. రేపటికి ఉంచుకోండి."

అతనికి నవ్వొచ్చేది. గది లోపలికెళ్ళి నవ్వుకునేవాడు.

అంతలో ఇంటావిడ ఒక సంబంధం తెచ్చింది. మందుల కొట్టు అబ్బాయి. తల్లి తప్ప ఎవరూ లేరు, వరద ముఖం చూడని ఎత్తు వీధిలో సొంత ఇల్లు. పెద్దాయన చాలాకాలానికి గడ్డం గీసుకున్నాడు. వచ్చేవాళ్ళకి ఆ కరకర ముక్కలే పెట్టమని ఇంటావిడ చెబితే, "పెట్టు, కానీ పొద్దున వండినవాటితో చెయ్యి. ఇంటికొచ్చినవాళ్ళకి చద్దివి పెడితే నేను బతికుండి ఎందుకు?" అన్నాడు కూతురితో.

ఆమె వసారాలోకి వచ్చి నిలబడింది. గుండీ కాజాలు కుడుతున్నాడు.

"ఆదివారం నన్ను చూడ్డానికి వస్తున్నారు."

సూది ఆగింది. ఎంతో అనాలనిపించింది. అనడానికి తనకేముంది? ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, తడి గోడల గది. అవతల సొంత ఇల్లు.

"ఎన్నింటికి?" అన్నాడు.

"ఎందుకూ?"

"ఆ టైములో ఇస్త్రీ పెట్టను."

"అంతేనా?"

"ఊఁ."

"మీ ఊఁ కి ఫ్యూజు కొట్టెయ్యా!" అని తలుపు దభీమని వేసుకుంది.

ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవలసి వచ్చింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, పలకరింపులు, కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి పక్క గదిలో గాలి హోరు మొదలైంది.

ఆమె గోడ కొట్టలేదు.

గుండీ ఇస్త్రీపెట్టె బల్ల మీదే ఉంది. ప్లగ్గు పెట్టే ఉంది. చెయ్యి దానంతటదే స్విచ్చి మీదకు వెళ్ళింది. ఒక్క నొక్కు చాలు. హోరు ఆగిపోతుంది, దీపాలు ఆరిపోతాయి, సగం వేగిన ముక్కలు చూసి పెళ్ళికొడుకు తల్లి మూతి ముడుస్తుంది. గోడ కొట్టలేదు కాబట్టి తప్పు తనదని ఎవరూ అనరు కూడా. కడుపులో దెయ్యం కూర్చుని నొక్కు, నొక్కు అంది.

గుండీ ప్లగ్గు పీకేసి, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

హోరు ఆగింది. పళ్ళేలు కదిలాయి. పళ్ళ కింద ముక్కలు విరిగే చప్పుడు గోడలోంచి వినిపించింది. తన పళ్ళు నూరుకుంటున్నట్టుంది అతనికి.

"అబ్బ, ఎంత బాగా వచ్చాయే!" అది పెళ్ళికొడుకు తల్లి గొంతు. "ఏం చేశావమ్మా, ఇంత కరకరలాడుతున్నాయి?"

"పొద్దుట నా చేత్తో వేసిన ఇడ్లీలేనమ్మా," అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో వరదకు ముందరి మనిషి పలికాడు. "తాజావి."

ఇంకో ముక్క విరిగిన చప్పుడు.

"కాదండీ," అంది కూతురు. "నిన్నటివి. పొద్దుటివి కరకరలాడవు."

పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడు.

"పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళకి చద్దివి పెట్టారా?"

"బాగున్నాయన్నారుగా అత్తయ్యగారూ."

"ఎవరమ్మా నీకు అత్తయ్య? లేవరా అబ్బాయ్!"

గుండీ తలుపు సందులోంచి చూశాడు. తల్లి గొడుగు విదిలించుకుంటూ ముందు దిగింది. వెనక అబ్బాయి మెట్ల మలుపులో ఆగి, జేబులోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని దిగాడు. ఇంటావిడ వాళ్ళ వెంట పరుగెత్తింది.

ఆపైన పెద్దాయన అరుస్తాడనుకున్నాడు గుండీ. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"సామాను కట్టు. రేపు మీ పెదనాన్న ఊరు వెళ్ళిపోదాం. ఇక్కడ నాకు మొహం లేదు."

సాయంత్రం ఆమె తాడు మీది బట్టలు తీయడానికి వసారాలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గుండీ లేచి వెళ్ళాడు.

"సారీ అండీ," అన్నాడు.

"మీరెందుకు సారీ? ఇవాళ నేను గోడ కొట్టలేదు. తెలిసిందా?"

"ఊఁ."

"మరి ఇస్త్రీపెట్టె ఎందుకు పెట్టలేదు?"

"మీ పని చెడిపోతుందని."

"చెడిపోవాలనేగా పెట్టాను!" ఆమె చేతిలోని తడి చీర నేల మీద పడింది. "మీకు టైమూ చెప్పలేదు. గోడ కొట్టకపోతే మీకు తెలియదు, ఇస్త్రీ పెడతారు, ఫ్యూజు పోతుంది. నాన్న పరువూ పోదు, పెళ్ళీ కుదరదు. అన్నీ ఆలోచించుకున్నాను. మీరింత మంచివారని మాత్రం ఆలోచించలేదు. ఈ ఒక్క పూటా మానుకోలేకపోయారా మంచితనం?"

ఆమె తాడు మీంచి ఇంకో బట్ట లాగింది.

"చివరికి నేనే చెప్పాల్సొచ్చింది. నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను. నాన్న ఎంత సంతోషంగా ఉన్నాడో అప్పుడు, ఆ సంతోషం మీదే పడింది దెబ్బ. నన్ను చూడను కూడా లేదు ఆ తర్వాత." ముక్కు తుడుచుకుంది. "రేపు బండి వస్తుంది."

వాన వసారా రేకుల మీద మోగుతోంది. గుండీ చీర ఎత్తాడు, నీళ్ళు పిండాడు, మడత పెట్టాడు. ఇవ్వలేదు.

"వెళ్ళొద్దు."

"ఎవరికి చెబుతున్నారు? నాకా, వానకా?"

"మీకు."

"ఎందుకని?"

అతను ఇంక పిండడానికేమీ లేని చీరను మళ్ళీ పిండాడు. "మీరు వెళ్ళిపోతే కరెంటు రోజంతా నాదే అవుతుంది. నాకొద్దు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. "నాతో అంటే సామాను ఆగదండీ. ఆ మాటేదో నాన్నతో అనండి. అనగలరా?"

గుండీ ఊఁ అనలేదు. చీర ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గుండీ మొహం కడుక్కుని, కొలత టేపు మెడలో వేసుకుని, పక్క గదికి వెళ్ళాడు. మూటలు వరసగా ఉన్నాయి. ఎయిర్ ఫ్రయర్ అట్టపెట్టెలోకి ఎక్కింది. పెద్దాయన కిటికీ దగ్గర ఉన్నాడు.

"బండి ఇంకా రాలేదు బాబూ," అన్నాడు తల తిప్పకుండానే.

"బండి కోసం రాలేదండీ. మీకు చొక్కా కుట్టాలి."

"నాకెందుకు చొక్కా?"

"పెళ్ళికి."

"ఇంకెక్కడి పెళ్ళి? నిన్ననే మెట్లు దిగి పోయింది."

"అది కాదు." గుండీ మెడలో టేపు సర్దుకున్నాడు. ఆమె మూట ముడి పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మీ అమ్మాయిని నాకివ్వండి. మాకు ఒకే వైరు. వంతులు వచ్చు. ఇన్నాళ్ళూ గొడవ పడలేదు."

పెద్దాయన ఇప్పుడు తిరిగాడు. అతన్ని కాళ్ళ నుంచి తల దాకా చూశాడు.

"చద్దివి అమ్మే పిల్ల."

"తెలుసు. రోజూ తింటున్నాను."

"నేను ఒక్కటీ నోట పెట్టలేదు." అట్టపెట్టెకేసి చూశాడు. "ఎలా ఉంటాయి?"

"బాగుంటాయి."

"నీకు అంతకన్నా మాటలు రావా?"

"రావండీ."

పెద్దాయన కూతురికేసి చూశాడు. ఆమె తల దించుకోలేదు. బయట బండి హారను మోగింది. ఎవరూ కదల్లేదు. మళ్ళీ మోగింది.

"బండిని వెళ్ళిపొమ్మని చెప్పవే," అన్నాడు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. నిలబడ్డాక రెండు చేతులూ పక్కలకు ఎత్తాడు. "మెడ దగ్గర వదులు పెట్టు. బిగుతైతే నాకు ఊపిరాడదు."

గుండీ టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పాడు. ఎముకలే తగిలాయి. కొలత తప్పు వచ్చింది. మళ్ళీ తీశాడు.