నాలుగు కార్ల రద్దీ

"పదకొండూ ఇరవైకి మన అంబులెన్స్ పెద్ద జంక్షన్ దాటుతుంది," అన్నాడు చీఫ్. "లోపల పేషెంట్ లేడు. విదేశీ ముఠా మనుషుల లిస్టంతా కంఠతా వచ్చిన గుమాస్తా ఉన్నాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగిందా, వాడి పని అయిపోయినట్టే. వైర్‌లెస్ జామ్ చేశారు. నువ్వు ట్రాఫిక్ కంట్రోల్ రూమ్‌కి వెళ్లు."

ఏజెంటు పేరు డిపార్ట్‌మెంటులో ఎవరూ పలకరు. గుండుసూది అంటారు. ఏసీ మెకానిక్ వేషంలో అతను లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండూ పదిహేడు.

ఆపరేటర్ కాఫీ కప్పు పక్కనే తల వాల్చి మత్తులో ఉన్నాడు. కీబోర్డు ముందు ముత్యాల దుద్దులు, ఖరీదైన పెర్ఫ్యూమ్. మేడమ్! డిపార్ట్‌మెంటులో అందరూ అలాగే పిలిచే డబుల్ ఏజెంట్. పోయినేడాది ఆమె ఇచ్చిన సమాచారం సగమే నిజం. మిగతా సగం గుండుసూది బావ కాలు పోగొట్టింది. ఆ సంగతి ఎత్తితే అక్క ఇప్పటికీ లేచి వెళ్లిపోతుంది.

పిస్టల్ తీశాడు. "లే!"

"తర్వాత కాల్చు. టైము లేదు." ఆమె తల తిప్పలేదు. "ఈ సిగ్నళ్లని నడిపేది ఫజీ లాజిక్. కెమెరాలో కనిపించే బళ్లను బట్టి 'కొంచెం రద్దీ', 'బాగా రద్దీ' అని బేరీజు వేసుకుని పచ్చదీపం ఇస్తుంది. ముఠావాళ్లు అడ్డరోడ్డు మీదకి నలభై బళ్లు తోలారు. పచ్చ అటే పోతుంది."

"మాన్యువల్‌కి మార్చు."

"మారిస్తే జంక్షన్‌లో బజర్ మోగుతుంది. వాళ్లు ఎదురెళ్లి కాలుస్తారు. అడ్డరోడ్డు మీద నలభై అంటే 'కొంచెం', అంబులెన్స్ రోడ్డు మీద నాలుగంటే 'బాగా' అని రాశాను. అమలు కావాలంటే ఆ గోడకున్న తాళం తిప్పి పట్టుకోవాలి. స్ప్రింగు గట్టిది, రెండు చేతులూ కావాలి."

అంటే పిస్టల్ కింద పెట్టాలి. ఆమెకి వీపు చూపించాలి.

స్క్రీన్ మీద ఎర్రదీపం. అంబులెన్స్ ఆగింది. దాని వెనకే మూడు కార్లు. ఫుట్‌పాత్ బెంచీ మీంచి ఇద్దరు లేచారు, చేతులు కోటు జేబుల్లోనే.

గుండుసూది పిస్టల్ బల్ల మీద పెట్టేశాడు. బలమంతా పెట్టి తాళం తిప్పాడు. ఒక సెకను. రెండు. ఆ ఇద్దరూ రోడ్డు మీదకి దిగారు. ఒకడి చెయ్యి అంబులెన్స్ తలుపు మీద పడింది.

పచ్చ!

అంబులెన్స్ ఒక్క ఊపున దూసుకుపోయింది. వెనక కార్లు హారన్లు కొడుతుంటే ఇద్దరూ నడిరోడ్డున ఇరుక్కుపోయారు. చీఫ్ పంపిన మఫ్టీ పోలీసులు వచ్చి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

వెనక్కి తిరిగాడు. కుర్చీ ఖాళీ. పిస్టల్ బల్ల మీదే ఉంది. తూటాలు లేవు.

ఫోన్ మోగింది. "శభాష్!" అన్నాడు చీఫ్. మేడమ్ సంగతి విన్నాక అడిగాడు: "ఇంతకీ ఆవిడ మన మనిషా, వాళ్ల మనిషా?"

గుండుసూది ఖాళీ పిస్టల్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొంచెం మన మనిషే సార్."