ఆరో తూటా

డెల్బర్ట్ పూల్ చేతిలో రివాల్వర్ పేలిపోయింది. పేలింది తూటా కాదు, తుపాకీయే. సిలిండర్ మూడు ముక్కలైంది. అందులో ఒక ముక్క ఆయన నుదుట్లో దిగింది. ఆయన గురిపెట్టిన ఇనప పొట్టేలు బొమ్మ మాత్రం రెండు వందల మీటర్ల దూరంలో చెక్కుచెదరకుండా నిలబడే ఉంది.

వచ్చిన అధికారులు అరగంట అటూ ఇటూ తిరిగి, ‘తూటాలో మందు ఎక్కువ కూరుకున్నాడు, సొంత నిర్లక్ష్యం’ అని రాసి చేతులు దులుపుకున్నారు.

ఆ కాగితం చూసేసరికి ఏజెంట్ వెర్న్ హాల్‌స్టెడ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. దాన్ని ఉండచుట్టి, గూఢచారి శాఖలో తన చీఫ్ అయిన బార్లో ముందున్న బల్లమీదకి విసిరాడు.

“నిర్లక్ష్యమా? ఆయనకా? నాకు తూటా కట్టడం నేర్పింది ఆయనే. చిటికెడు మందు తేడా వస్తే డబ్బా మొత్తం విప్పించి మళ్ళీ కట్టించేవాడు!”

“కూర్చో.”

“కూర్చోను. ఆ రివాల్వర్ సంగతి మీకు తెలుసా? మామూలు రివాల్వర్ సిలిండర్‌లో తూటాలు పెట్టే గదులు ఆరు. గోడలు పల్చన. పైగా దాన్ని బిగబట్టే గాడి సరిగ్గా గది నెత్తిమీద పడుతుంది. బరువు తూటాలు కాలిస్తే మొదట చిట్లేది అక్కడే. డెల్బర్ట్ ఐదే తొలిచాడు. గోడలు దిట్టం, గాడి రెండు గదుల మధ్యలో. పదేళ్ళు, కొన్ని వేల తూటాలు, పొట్టేలుని పడగొట్టే దెబ్బలు. వెంట్రుకవాసి సాగలేదు. ఈ పందేల వాళ్ళు వాడే మందు నెమ్మదిగా మండేది, గొంతుదాకా కూరినా ఆ ఇనుము చలించదు. దాన్ని చీల్చాలంటే గబుక్కున మండే మందు కావాలి. ఎవడో మార్చాడు.”

బార్లో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆయన కాపలాకి మన ఏజెంట్ క్లోడెట్‌నే పెట్టాను. ఏమీ చూడలేదంది.”

“కళ్ళు మూసుకుని కాపలా కాసిందా?”

“నోరు అదుపులో పెట్టుకో. విను. డెల్బర్ట్, హార్లన్ టిబెట్స్, ఇద్దరూ జలాంతర్గాముల ఉక్కు చేసే ఇంజినీర్లు. ఆ ఉక్కు రహస్యాన్ని ఇనప తెర అవతలి శత్రుదేశాల ముఠాకి అమ్మిందెవరో వాళ్ళిద్దరికే తెలుసు. ఇక మిగిలింది హార్లన్. సోమవారం జడ్జి ముందు నోరు విప్పుతాడు. శనివారం డెల్బర్ట్ పేరుమీద తుపాకీ పందెం. ఇంట్లో ఉండవయ్యా అంటే వినడే! నువ్వు అతని పక్కన టెలిస్కోప్ పట్టి, దెబ్బ ఎక్కడ పడిందో చెప్పే మనిషిలా వెళ్ళు. సోమవారందాకా అతను ఊపిరి పీలుస్తూ ఉండాలి. అంతే మిషన్.”

“డెల్బర్ట్ మీద రాసిన ఆ రాతో?”

“అసలు సంగతి రహస్యం. ఆ రాత అలాగే ఉంటుంది.”

వెర్న్ తలుపు ధడాలున వేసి బయటికి నడిచాడు.

శనివారం ఇడాహో మైదానమంతా దుమ్ము. దూరంగా మట్టికట్ట ముందు ఇనప కోళ్ళు, పందులు, అన్నిటికంటే వెనక పొట్టేళ్ళు. వెర్న్ నాసిరకం గడ్డం అతికించుకుని, పాత టోపీ పెట్టుకుని వచ్చాడు. మోత తగలకుండా చెవులకి పెట్టుకున్న డిప్పల్లో ఆఫీసువాళ్ళు రేడియో అమర్చారు. చీఫ్ గొంతు వినపడాల్సిన చోట పశువుల వేలంపాట వినిపిస్తోంది. పీకేసి మెడకి తగిలించుకున్నాడు.

క్లోడెట్ రేనార్ దగ్గరికొచ్చింది. ఎర్ర స్కార్ఫ్, మోకాళ్ళదాకా బూట్లు, మెడలో రెండు కెమెరాలు, పత్రిక ఫోటోగ్రాఫర్ వేషం. ఆమె నవ్వితే డెబ్బై ఏళ్ళ ముసలాళ్ళు కూడా పొట్టలు లోపలికి లాక్కుంటున్నారు.

“గాలి ఎటు?” అంది. కోడ్ మాట.

“పొట్టేలు వైపే.”

“మరీ అంత కోపంగా ఉన్నావేం? తమాషాగా ఉంది నీ గడ్డం.”

అతను పక్కకి నడిచాడు. స్కోరు బల్ల దగ్గర డెల్బర్ట్ భార్య, ఐనా పూల్, కూర్చుని ఉంది. ఆమె వెనకే ఇద్దరు కాఫీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు.

“ముసలాడికి దెబ్బ మోత కావాలి. మందు కూరాడు. పోయాడు.”

“ఆ వయసులో ఏం సరదా అయ్యా!”

ఆవిడ తల ఎత్తలేదు. చేతిలో పెన్సిల్ ముల్లు పుటుక్కున విరిగింది. వెర్న్ పళ్ళు పటపటలాడాయి.

హార్లన్ వంతు వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది డెల్బర్ట్ తనకోసం చేసుకున్న తుపాకీకి కవల.

“హార్లన్ గారూ, మీ తూటాలు కొన్ని ఇవ్వరూ? తుపాకీ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తా” అంది క్లోడెట్.

“తీసుకో తల్లీ. ముద్దు మాత్రం పెట్టుకోకు, సీసం విషం.”

ఆమె డబ్బాలోంచి తీసుకుంది. సంచీ మీదకి వంగింది. దుప్పటి మీద తుపాకీ పక్కనే వరసగా నిలబెట్టి, నాలుగు ఫోటోలు తీసి, థాంక్స్ చెప్పి వెనక్కి జరిగింది. వెర్న్ ఆ కాసేపూ జనంలో కొత్త మొహాల కోసం వెతుకుతున్నాడు. ఆమె మన మనిషే కదా.

“లోడ్!” అని అరిచాడు కాల్పుల మైదానం నడిపే రేంజ్ పెద్ద, ఎర్ర జెండా కర్ర పట్టుకున్న డెబ్బై ఏళ్ళ బక్కమనిషి.

హార్లన్ వరసలోవి తీసి గదులు నింపాడు. ఈ పందెంలో అందరూ చేసినట్టే వెల్లకిలా పడుకుని, మోకాలు ఎత్తి, కాలి పక్కన తుపాకీ ఆనించాడు.

దుప్పటి మీద ఒక తూటా మిగిలింది.

వెర్న్ దాన్నే చూస్తున్నాడు. ఐదు గదుల తుపాకీకి ఫోటో అంటే ఐదు తూటాలు చాలు. ఈ మైదానంలో చిన్నపిల్లవాడు కూడా ఐదే తీస్తాడు. ఆరు తీసేది, రివాల్వర్ అంటే ఆరే అనుకునే పరాయి మనిషి.

తూటా తీసి చెవి దగ్గర ఆడించాడు. గలగల.

హార్లన్ కట్టే బరువు తూటా చప్పుడు చెయ్యదు. ఇత్తడి గుల్ల నిండా మందే, కదలడానికి చోటెక్కడ? ఇందులో చోటుంది. గబుక్కున మండే మందు కొంచెం పోసినా చాలు, తుపాకీ తునకలవుతుంది.

“ఆపు!”

హార్లన్‌కి అసలే చెవుడు, పైగా చెవుల్లో బిరడాలు. తూటాని కొట్టి పేల్చే హామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాడు. టక్. ఈ రకం తుపాకీకి ప్రతి దెబ్బకీ అలా లాగాల్సిందే. వెర్న్‌కి దొరికింది ఆ క్షణమే. దూకి, తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని హామర్ కింద దూర్చాడు. అది పడింది. ప్రాణం జివ్వుమంది.

“ఏం చేస్తున్నావురా వెధవా!” అని కేకేశాడు హార్లన్.

“నీ ప్రాణం కాపాడుతున్నా! నోర్మూసుకుని కదలకుండా పడుకో పెద్దాయనా!”

“కాల్పులు ఆపండి!” అని రేంజ్ పెద్ద జెండా ఎత్తాడు.

క్లోడెట్ కెమెరా మూత తీసింది. లోపల బుల్లి పిస్తోలు. అది వెర్న్ వైపు తిరిగేలోపే జెండా కర్ర ఆమె మణికట్టు మీద ఫెడీమని పడింది. పిస్తోలు దుమ్ములోకి ఎగిరింది.

“ఆపమన్నాక తుపాకీ ముట్టుకుంటావా? సిగ్గు లేదూ?” అని ముసలాయన ఊగిపోయాడు. ఆమె గూఢచారని ఆయనకి తెలియదు. ఆయన దృష్టిలో ఇది అంతకంటే పెద్ద నేరం. రెండో దెబ్బ వెయ్యబోతే నలుగురు కలిసి ఆపాల్సి వచ్చింది.

వెర్న్ నెత్తురోడే చేత్తోనే ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టాడు. ఆ తర్వాత కాఫీ కప్పులతో నిలబడ్డ ఆ ఇద్దరి వైపు తిరిగాడు. రహస్యమట! గొంతు చిరిగేలా అరిచాడు.

“డెల్బర్ట్ తప్పు చెయ్యలేదు! ఈ మనిషి ఆయన తూటాలు మార్చి చంపింది!”

ఐనా పూల్ లేచి నిలబడింది. ఆమె చెవులు పాము చెవులు. అయినా, “ఇంకోసారి చెప్పు బాబూ” అంది.

సాయంత్రం ఫోనులో బార్లో నిప్పులు కక్కాడు. “రహస్యమని చెప్పానా లేదా? అరవై మంది ముందు అరిచి చెప్తావా?”

“అరిచానండీ” అన్నాడు వెర్న్, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. “అక్కడున్న వాళ్ళంతా చెవిటాళ్ళే. మూడుసార్లు అరవాల్సి వచ్చింది.”