మొగలిగరువు ఆడపడుచు

మిట్టమధ్యాహ్నం... పైగా అమావాస్య!

క్షుద్రశక్తులు అర్ధరాత్రే సంచరిస్తాయని ఎవరు చెప్పారో గానీ, వాళ్లు ఉద్దానం తీరంలో ఒక్క మధ్యాహ్నమైనా గడిపి ఉండరు. మనిషి నీడ మనిషి పాదాల కిందకే ముడుచుకుపోయే ఆ ఘడియలో... భీకర నిశ్శబ్దం! ఆ రోజు తూర్పు సముద్రం మీద నుంచి కాటుక మేఘాలు కమ్ముకొచ్చాయి. ఫెళఫెళారావాలతో పిడుగులు! మొండి కొబ్బరి మాను తొర్రలోంచి పట్టపగలే గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, ఆగకుండా! ఆ కూత వినడానికి మొగలిగరువులో ఒక్క మనిషీ లేడు.

మొగలిగరువు! వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు ఇసుకదారిన పోతే వచ్చే ఊరు. వచ్చే ఊరు అనడానికి నాకే సిగ్గుగా ఉంది, అక్కడ ఊరుంటే కదా! సగం మందిని కిడ్నీ జబ్బు మంచాన పడేసింది. మిగిలిన సగాన్ని తుపాను తరిమేసింది. ఇప్పుడక్కడున్నవి కప్పుల్లేని గోడలు, ఇసుకలో కూరుకుపోయిన గుమ్మాలు, వేళ్లతో సహా పెళ్లగిలి పడిన జీడిచెట్లు. జనం పలాసకు కొందరు, విశాఖకు కొందరు, చెన్నైకి కొందరు చెదిరిపోయారు. పోతే పోయారు! ప్రాణభయం ఎవరికి లేదు? కానీ పోతూ పోతూ వాళ్లు చేసిన పని తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

తుపాను వచ్చిన వారం ఊళ్లో ఎర్రమ్మ తల్లి సంబరం జరుగుతోంది. ఆ ఊరికి అమ్మోరంటే దేవత మాత్రమే కాదు, అత్తారింటి నుంచి వచ్చిన ఆడపడుచు. ఘటంలోకి ఆవాహన చేసి, ఇంటింటికీ తిప్పి, మురిపెంగా ఉంచుకుని, ఆఖరి రోజు చీర పెట్టి, ఒడిలో చలిమిడి కట్టి, సముద్రపొడ్డున అనుపు చేస్తారు. అంటే సాగనంపుతారు. అనుపు జరిగితేనే సంబరం ముగిసినట్టు. సరిగ్గా దానికి ముందురోజు గాలి లేచింది. బస్సులు వచ్చాయి. మేకల్ని ఎక్కించారు, టీవీలు ఎక్కించారు, పరుపులు ఎక్కించారు... ఘటాన్ని మాత్రం అమ్మోరిని నిలిపిన పందిరి గదిలోనే వదిలేశారు! తర్వాత వద్దాంలే అనుకున్నారు. ఏళ్లు గడిచాయి, ఒక్కడూ రాలేదు. పుట్టింటికి పిలిచిన ఆడపిల్లను ఖాళీ ఊళ్లో వదిలేసి తమ దారిన తాము పోయేవాళ్లను ఏమనాలి? మీరే చెప్పండి!

ఆ తల్లి ఆగ్రహం పడాల్సిన వాళ్ల మీద పడలేదు. పాపం, హేమలత మీద పడింది. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే పిల్ల అది. తమ పాత దొడ్లో మిగిలిన కొబ్బరికాయలు తెద్దామని ఒక సెలవు రోజు ఒంటరిగా వెళ్లింది. తిరిగి వచ్చింది మాత్రం హేమలత కాదు! కళ్లు చింతనిప్పులు... విరబోసిన జుట్టు... అన్నం ముట్టదు, కన్ను మూయదు. గడప మీద కూర్చుని వీధి దద్దరిల్లేలా ఒకటే కేక.

"నా సీరేదీ? నా సలిమిడేదీ? నన్నెప్పుడు పంపుతారే?"

తల్లి కాంతానికి సంగతి అర్థమైపోయింది. పిల్ల రోజురోజుకూ ఎండిపోతోంది. ఊరి వాళ్లను పోగుచేసి అనుపు చేయిస్తే బిడ్డ దక్కుతుంది, లేకపోతే లేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఒకరికి పని, ఒకరికి పెళ్లి, ఒకరికి నడుం నొప్పి! చివరికి ఏటా సంబరం జరిపించే ఊరిపెద్ద కొడుకు హేమంత్‌కి చేసింది. అతను విశాఖలో ఉంటాడు.

"లీవు దొరకదు పిన్నీ. మనూరి వాట్సాప్ గ్రూపులో ఎట్టు, అందరూ సూత్తారు."

"గ్రూపులో ఎట్టి ఎన్నాళ్లైందిరా! దండాల బొమ్మలు పంపేరు గానీ ఒక్కడైనా వత్తానన్నాడేటి?"

"ఈ యేడు కాపోతే వచ్చేయేడు సేద్దాంలే..."

"వచ్చేయేటికి నా పిల్లుంటాదేట్రా?"

హేమంత్ ఫోన్ పెట్టేశాడు. కాంతం ఫోన్ మంచం మీదకు విసిరేసి నెత్తి బాదుకుంది.

ఆమె మొగుడు పోలారావుకి వారం వారం డయాలిసిస్. కాళ్లు వాచి నాలుగడుగులు వేయలేడు. బిడ్డ కేకలు వినలేక, విసిగి వేసారి, పెళ్లానికి చెప్పకుండా టెక్కలి నుంచి మాంత్రికుణ్ణి పిలిపించాడు. వాడే ఉదయశంకర్! ఫోటో స్టూడియో మూతపడ్డాక శ్మశానాల వెంట తిరిగి వామాచార విద్యలు నేర్చిన నీచుడు. పిల్లకు పట్టింది వదిలిస్తానని మాటిచ్చాడు గానీ, వాడి మనసులోని కుట్ర వేరు. సాగనంపని దేవత దిక్కులేనిది... పట్టుకున్నవాడికి దాసి! ఆ మహాశక్తిని కపాలంలో బంధించి బతికినన్నాళ్లూ ఊడిగం చేయించుకోవాలని వాడి దురాశ. అందుకు ఆ ఊరి ఆడపిల్ల దేహం కావాలి. ఆ దేహంలో ప్రాణం మిగిలినా పోయినా వాడికి ఒకటే.

ఆ అమావాస్య మధ్యాహ్నం, సంగతి తెలిసి తానూ వస్తానని ఎక్కిన కాంతంతో సహా వాళ్ల ఆటో ఇసుకదారి చివర ఆగింది.

"మీరిద్దరూ ఇక్కడే ఉండాల! వెనకాల వచ్చేరో, పిల్ల రత్తం కక్కుకుని సత్తాది!" గర్జించి, హేమలతను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయాడు ఉదయశంకర్.

పోలారావు వాచిన కాళ్లు పట్టుకుని కూర్చుండిపోయాడు. కాంతం సంచీ తీసుకుని దిగింది.

"ఎక్కడికే? ఆయనొద్దన్నాడు కదేటి!"

"ఆడికి పిల్లనప్పగించీసి ఆటోలో కూకోమంతావేటి మావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

సంచీలో ఎర్రంచు పసుపు చీర, గిన్నెలో చలిమిడి ఉన్నాయి. ఊరు ఊరంతా కలిసి చేయాల్సిన అనుపు... ఆమె ఒక్కత్తీ చేయడానికి బయల్దేరింది!

పందిరి గదికి కప్పు లేదు. కానీ ఘటం... అన్నేళ్ల గాలివానలకూ చెక్కు చెదరకుండా గది నడుమ అలాగే ఉంది! దానికెదురుగా నోరు తెరిచిన నరకపాలం. ఎర్రదారం ఒక కొస ఘటం మెడకు, రెండో కొస తన కుడి మణికట్టుకు ముడి మీద ముడి వేసి బిగించుకున్నాడు మాంత్రికుడు.

"హ్రీం... క్రీం... బంధయ బంధయ! ఎర్రమ్మా! నేటినుంచి నువ్వు నా దాసివి! ప్రవేశించు ఈ కపాలంలోకి!"

హేమలత దేహం విల్లులా వంగింది. ముక్కులోంచి రక్తం చిమ్మింది. "అమ్మా...!" ఆ ఆర్తనాదానికి గోడల మీది ఇసుక జలజలా రాలింది.

కాంతం లోపలికి వచ్చింది.

"ముసిల్దానా! ముట్టుకుంటే మాడి మసైపోతావు!"

"మాడిపోనీరా! నువ్వు నోర్ముయ్!"

ఆమె పిల్ల పక్కన కూలబడింది. కొంగుతో రక్తం తుడిచింది. చీర భుజాల మీద కప్పింది. చలిమిడి ముద్ద నోట్లో పెట్టి, మిగతాది ఒడిలో కట్టింది.

"ఆలీసం అయిపోనాది తల్లీ. తప్పు మాదే. తిను."

పిల్ల దేహం నిమ్మళించింది. కళ్లు తెరుచుకున్నాయి. ఆ చూపు హేమలతది కాదు... యుగాల నాటిది! నమిలి మింగి, మెల్లగా అడిగింది.

"మళ్లీ ఎప్పుడు పిలుత్తావే అమ్మా?"

ప్రతి అనుపులోనూ అమ్మోరు అడిగే మాటే అది. ఊరంతా ఒక్క గొంతుతో "వచ్చేయేడు రావే తల్లీ" అనేది. ఈ రోజు ఆ మాట అంటే? ఆ తల్లి నమ్మి మళ్లీ వస్తుంది. మళ్లీ ఈ ఖాళీ ఊళ్లో, మళ్లీ ఎవరి బిడ్డ మీదో! అనకపోతే? పుట్టింటి ఆడపడుచుని రావద్దన్న పాపిష్ఠిది ఆ ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా కాంతం గొంతులోంచి తన్నుకొచ్చింది.

"ఎక్కడికని పిలవమంతావే? ఊరేదీ? మడుసులేరీ? కాళ్లా యేళ్లా పడ్డాను, ఒక్కడు రానేదు! అబద్దమాడి నిన్నింకోపాలి ఒంటరిగా కూకోబెట్టనేను. ఇంక రాకు తల్లీ... నీకు ఇక్కడ పుట్టిల్లు నేదు!"

ఉరుములు ఆగిపోయాయి. గుడ్లగూబ నోరు మూసుకుంది. హేమలత కళ్లలోంచి నీళ్లు ధారలు కట్టాయి.

ఉదయశంకర్ వికటాట్టహాసం చేశాడు. "విన్నావా! పుట్టిల్లు పోయింది! ఇంక నీకు నేనే దిక్కు! రావే దాసీ!" అంటూ ఎర్రదారం గుంజాడు.

ఆమె లేచి నిలబడింది. ఘటాన్ని నెత్తిన పెట్టుకుంది. వాడి వైపు తిరిగి నవ్వింది... ఆ నవ్వుకి కపాలం నిలువునా చిట్లిపోయింది!

"ఆడపిల్లని ఒంటరిగా పంపరు కదరా. తోడుకి ఒకడైనా రాలేదనుకున్నాను. నువ్వొచ్చేవు!"

అంతే! ఆమె సముద్రం వైపు నడిచింది. దారం బిగిసింది. వాడు వెల్లకిలా పడ్డాడు. ముడులు విప్పబోయాడు, పళ్లతో కొరికాడు. తన చేత్తో తాను వేసుకున్న ముడులే... ఒక్కటీ ఊడలేదు! "వద్దు తల్లీ! తప్పయిపోయింది! వదిలీ!" మొగలిపొదల మీదుగా, ముళ్ల మీదుగా ఈడ్చుకుపోయింది. కెరటాలు రెండుగా చీలి దారిచ్చాయి. ఒడ్డున వెనక్కి తిరగకుండా ఆమె ఘటాన్ని నీళ్లలోకి వదిలింది. అది తెడ్డు వేసినట్టు సూటిగా నడిసముద్రంలోకి సాగిపోయింది... దాని వెనకే వాడి కేక, ఆ వెనక పైకి లేచిన ఒక చెయ్యి... తర్వాత నీళ్లు మూసుకున్నాయి.

హేమలత తడి ఇసుకలో కుప్పకూలింది. కాంతం పరుగెత్తి వెళ్లి ఒళ్లోకి తీసుకుంది.

"అమ్మా... ఆకలేత్తందే," అంది పిల్ల, సన్నగా, తన గొంతుతో.

తల్లి భుజం ఆసరాతో పిల్ల ఆటో దగ్గరకు వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. పోలారావు బిడ్డ తల నిమిరాడు, బుగ్గలు నిమిరాడు, ఏడ్చాడు. కాసేపటికి సముద్రం వైపు చూసి అడిగాడు.

"అమ్మోరేదే?"

"ఎల్లిపోనాది మావా. ఇంక రావొద్దని నానే సెప్పీసేను."

ఆయన సముద్రం వైపు చేతులు జోడించాడు.

"సీరెట్టేవా?"

"ఎట్టేను."

"ఒడిలో సలిమిడి కట్టేవా? ఒట్టి సేతుల్తో పంపలేదు కదేటి?"

"నేదు మావా," అంది కాంతం. "ఒట్టి సేతుల్తో పంపలేదు."

అప్పుడు ఇద్దరూ బావురుమన్నారు.