వియ్యంకుడు తాగని నీళ్ళు

"ఎడమ చెయ్యి బాబూ, ఎడమ చెయ్యి," అంది పరీక్ష పెట్టే నూకరత్నం. పొద్దుట్నుంచీ ఇదే మాట అని అని ఆమె నోరు పిడచగట్టుకుపోయింది. బెంచీ మీద కూర్చున్నవాడు మళ్ళీ కుడిచెయ్యే చాపాడు. ఆమె తనే అతని ఎడమ చెయ్యి లాక్కుని, మణికట్టుకి నిజముల్లు తగిలించింది. ఎదురుగా నిలబడ్డావిడ అతని వాదాన్ని ఆగకుండా ఏకరువు పెట్టింది. ముల్లు నిటారుగా లేచింది.

"ఇది మీ మాటేనా?"

"మా మాటేనండి."

"అమ్మా, మీకు ఓటుంది. తరవాతివాళ్ళు రండి."

ఎర్రకొంగలంకలో ఎదురుమాట పరీక్షంటే ఇంతే. ఎదుటి పక్షంవాడి మాటని వాడు అవునని ఒప్పుకునేలా చెప్పగలిగితేనే మన పక్షానికి ఓటు వేసుకోవచ్చు. ఈ చట్టం ఊరికే రాలేదు. వెనక గాలిమాటల కాలంలో, చేతిపలకలో ఏది కనిపిస్తే అది నమ్మేసి, ఒక పట్టణంవాళ్ళు ఏరు లేనిచోట వంతెన కట్టించుకున్నారు. కట్టాక, దానికింద ఏరు పారిస్తామనే పార్టీ ఒకటీ, పారుతూనే ఉంది మీకు కళ్ళు లేవనే పార్టీ ఒకటీ పుట్టి ఒక తరం పాటు తలలు పగలగొట్టుకున్నాయి. ఆ గోల పడలేకే పెద్దలు నిజముల్లు కనిపెట్టారు. తగిలించుకున్నవాడి మనసు అవునంటే నిలబడుతుంది, కాదంటే తిరుగుతుంది. మొదటిసారి దాన్ని ఒక నాయకుడి చేతికి తగిలిస్తే గిర్రున తిరగడం మొదలెట్టి ఆగనే లేదట. ఆ గాలికి ఆఫీసువాళ్ళు వేసవంతా చల్లగా గడిపారట.

నూకరత్నానికి ఆ చల్లదనం కూడా దక్కలేదు. ఆమె పుట్టింది ఈ లంకలోనే. ఇవాళ తేలాల్సింది ఉప్పుతలుపు సంగతి. ఏటి మొగలో ఉన్న ఆ తలుపు మూసేస్తే సముద్రం లోపలికి రాదు, వరి బతుకుతుంది, రొయ్యల చెరువులు పోతాయి. తెరిచి ఉంచితే రొయ్యలు బతుకుతాయి, బావులు ఉప్పెక్కుతాయి. పొద్దు గుంకేలోగా అందరూ పరీక్ష గట్టెక్కితే లంకవాళ్ళే ఓట్లేసి తేల్చుకుంటారు. ఒక్కరు తప్పినా తగువు నిర్ణయాలయానికి పోతుంది. అది యంత్రం. మెరకలంక తగువు దాని దగ్గరికి పోతే లంకలో మనుషుల్ని ఖాళీ చేయించి ఊరుకుంది. మనుషుల్లేకపోతే తగువెక్కడిది? లెక్కప్రకారం దాని తప్పేమీ లేదు.

చిట్టచివర మిగిలింది రొయ్యల చిట్టబ్బాయి. అతని మాట వినడానికి జతలు కలిపే యంత్రం వరి రైతు బుల్లెమ్మని జత చేసింది. యంత్రానికి పక్షాలే తెలుసు, చుట్టరికాలు తెలియవు. బుల్లెమ్మ కూతుర్ని చిట్టబ్బాయి కొడుక్కిచ్చారు. వియ్యాలవారు ఒకరితో ఒకరు 'మీరు సరిగ్గా చెప్పారు' అనుకోవడం లంక పుట్టాక ఎవరూ వినలేదు. నూకరత్నం నుదురు పట్టుకుంది.

"కానివ్వండన్నయ్యగారూ," అంది బుల్లెమ్మ చెయ్యి చాపుతూ. "మగపెళ్ళివారు చెప్పడం, మేం వినడం అలవాటేగా."

"విన్నారులే చెల్లెమ్మా. గారెలు మెత్తగా వండించమని చెప్తే ఎంత విన్నారో, ఊడిన నా పన్నునడగండి."

"ఊడింది కట్టుడు పన్నండి. అది ముందే ఊగుతోంది, మీ గొప్పలాగే."

"పళ్ళ సంగతి తరవాత," అంది నూకరత్నం. "పొద్దు వాలింది. ఆవిడ పక్షం చెప్పండి, పెద్దాయనా."

చిట్టబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "మా బావి నీళ్ళు ఉప్పెక్కాయి. పసిపిల్లలు తాగలేకపోతున్నారు. పశువులు మూతిపెట్టి తీసేస్తున్నాయి. వరి ఆకు కొసలు మాడుతున్నాయి. రొయ్యకి ఇంకో చెరువు తవ్వుకోవచ్చు, బావికి ఇంకో ఊట ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

ముల్లు కర్రలా నిలబడింది.

"ఇది మీ మాటేనా?"

"కాదు," అంది బుల్లెమ్మ.

"ముల్లు అవునంటోంది కదండీ."

"ముల్లుకేం తెలుసమ్మా, దానికి వియ్యంకుడు లేడు."

"నోరూ ముల్లూ రెండూ అవునంటేనే గాని నేను ఫలితం బొత్తాం నొక్కకూడదు. లంక యంత్రం పాలవుతుంది."

"ఆయన అప్పజెప్పాడు, అంతే. బజార్లో ఎదురుమాట ట్యూషన్ పెట్టారుగా, అక్కడి ముక్క ఇది."

నూకరత్నం విసుగంతా అప్పుడు బయటికొచ్చింది. నిజమే, పొద్దుట్నుంచీ ప్రతి నోటా ఇదే బావి, ఇవే పశువులు. ఒక్క పసిపిల్ల కూడా మారలేదు. పరీక్షలో లేని ప్రశ్న ఆమె నోట్లోంచి జారింది.

"పెద్దాయనా, ఆ నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయి?"

చిట్టబ్బాయి బుల్లెమ్మ వైపు చూశాడు.

"ఆయనకేం తెలుసు?" అంది బుల్లెమ్మ. "గుమ్మంలోకొస్తే మజ్జిగ, కూర్చుంటే కాఫీ, లేస్తే కొబ్బరిబొండం. వియ్యంకుడికి ఉత్తనీళ్ళిస్తే ఊరు నవ్వదూ?"

"మరి మీరు ఆయన చెరువు చూశారా?"

"పిల్లనిచ్చినదాన్ని, వాళ్ళ గట్టు మీద నాకేం పని? రొయ్యలు లెక్కపెట్టుకోడానికొచ్చిందంటారు." ఆమె కిటికీలోంచి సూర్యుణ్ణి చూసింది. ఏటి మీద ఎర్రగా కరిగిపోతున్నాడు. బుల్లెమ్మ గొంతు తగ్గింది. "సరేలే అమ్మా. లంక పోతుందంటే నా పంతమెంత. మా మాటే. నొక్కెయ్."

నూకరత్నం వేలు బొత్తాం మీదికి వెళ్ళింది.

"ఆగమ్మా," అన్నాడు చిట్టబ్బాయి. "నేను చెప్పింది నాకు తెలియదు. తెలియని మాటకి ఆవిడ అవునంటే నాకు ఓటొస్తుంది. ఆ ఓటుతో ఆవిడ బావి మీదికి సముద్రాన్ని వదుల్తాను. ముందు ఆ నీళ్ళు తాగనియ్యి."

ఒక్క వేలు నొక్కితే లంక గట్టెక్కుతుంది. నూకరత్నం ఆ వేలిని చాలాసేపు చూసుకుంది. చూసి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పరీక్షలో సొమ్మసిల్లినవాళ్ళ కోసం ఎవరో ఒక నిబంధన రాసిపెట్టారు: మణికట్టుకి ముల్లు ఉన్నంతసేపూ పరీక్ష నడుస్తున్నట్టే. ఆమె బుల్లెమ్మ చేతికున్న ముల్లు విప్పలేదు.

"పదండి," అంది.

బావి దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకింది. నూకరత్నం మెడలో పలుకుబిళ్ళలోంచి నిర్ణయాలయం మాట్లాడింది. "ఎర్రకొంగలంక. ఆఖరి ఫలితం?"

"పరీక్ష నడుస్తోంది," అంది నూకరత్నం.

బుల్లెమ్మ నీళ్ళు తోడి గ్లాసులో పోసింది. వియ్యంకుడికి ఉత్తనీళ్ళిస్తున్నందుకు తలెత్తలేకపోయింది. చిట్టబ్బాయి ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది గాని ఉమ్మలేదు. గ్లాసు ఖాళీ చేశాడు.

"మా కోడలు పుట్టింటికొచ్చినప్పుడు ఇవే తాగుతుందా?"

"ఇవే. మీకు చెప్పొద్దంది."

అతను బావిలోకి తొంగిచూసి నిలబడ్డాడు. "అయినా తలుపు మూస్తే నా చెరువు పోతుంది చెల్లెమ్మా."

"పోతుందని నేనూ అప్పజెప్పానన్నయ్యగారూ. పోతే మీరు ఏమైపోతారో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు."

"పొద్దున్నే రండి. గట్టంతా తిప్పి చూపిస్తాను. రొయ్యలు లెక్కపెట్టుకున్నా ఏమీ అనుకోం."

"పరీక్ష ఎప్పటికి ముగుస్తుంది?" అంది పలుకుబిళ్ళ.

"తెలీదు," అంది నూకరత్నం.

"తెలీదు అనే జవాబుకి గడి లేదు."

"లేకపోతే ఒకటి గీసుకో. నా ప్రాణాలు తియ్యకు."

వెనక అలికిడైంది. మధ్యాహ్నమే ఓటు సంపాదించుకుని వెళ్ళినవాళ్ళు, సంగతి విని, రొయ్యలవాళ్ళూ వరివాళ్ళూ కలిసి, బావి వైపు వస్తున్నారు. ముందున్నవాడు మణికట్టు చాపాడు. "మా ఫలితాలు కొట్టెయ్యమ్మా. మేమూ తాగి చూస్తాం."

నూకరత్నం గట్టిగా నిట్టూర్చి, ముళ్ళ కోసం సంచీ తడుముకుంది. చాలవు.