మూగపెట్టె

ప్రొద్దుటూరు. 2004 జూన్ 9, బుధవారం. ఉదయం 9.10.

జయకర్ తన ల్యాబులో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఎముక లోపలికి దిగింది. పక్కనే ఇనుప స్టూలు. దాని కాలికి వెంట్రుకలు.

సి.ఐ. అలీ అహ్మద్ శవాన్ని దాటి బల్ల దగ్గరికి పోయాడు. రెండు రాగి పెట్టెలు. ఒకదానికి ఎర్ర స్టిక్కరు, ఇంకోదానికి పచ్చ. లోపల గాజు గిన్నెలు.

"ఇయ్యేంది?"

అసిస్టెంట్ సత్యానందం కళ్ళు తుడుచుకున్నాడు.

"మనిషి నెత్తురు కణాలు సార్. సెల్‌టవర్ తరంగాలకు వాటిలో జీన్ల పని మారతాదా అని చూస్తాండాము. ఒక పెట్టెకు తరంగాలు పోతాయి. ఇంకోటి మూగది, దానికేమీ పోవు. రెండూ పోల్చాల."

ఆ పోలిక మీద ఒక తలకాయ వేలాడుతోంది. జమ్మలమడుగు లీడరు మనవడు నెత్తురు క్యాన్సరుతో పోయాడు. లీడరు మిద్దె ఎదురుగా టవర్. అది ఎదుటి పార్టీ దస్తగిరి స్థలంలో ఉంది. తప్పు టవర్‌దేనని తేలితే దస్తగిరిని నరుకుతానని లీడరు మనవడి సమాధి మీద చెయ్యేసి చెప్పాడు.

"తేలిందా?"

"తేలింది సార్. ఎర్ర పెట్టెలో ఒక జీను పని ఆరింతలు లేచింది. నిన్న సాయంత్రం కాగితం లీడరుకిచ్చినా. ఆ కోపంతో దస్తగిరే కొట్టింటాడు."

"యాడుండాడు?"

"పులివెందులలో దాక్కున్నాడంట."

అలీ అహ్మద్ ఎర్ర పెట్టె తెరిచాడు. లోపలి థర్మామీటరు ఎంత వేడి ఎక్కిందో అక్కడే ఆగే రకం. నలభై మూడు. పచ్చదానిలో ముప్పై ఏడు.

బల్ల మీద జయకర్ బైబిలు. సమాధి చేసేటప్పుడు చదవడానికి పనికొస్తుందని కానిస్టేబుళ్ళు పక్కన పెట్టారు. అలీ అహ్మద్ దాన్ని దులిపాడు. లక్క ముద్ర వేసిన కవరు రాలింది.

మధ్యాహ్నం 3.40. స్టేషన్. లీడరు కుర్చీలో, సత్యానందం గోడ పక్కన.

అలీ అహ్మద్ కవరు చించి జయకర్ రాసిన కాగితం చదివాడు. "రూపాయి ఎగరేస్తే బొరుసు పడింది. తరంగాలు పచ్చపెట్టెకు. ఎర్రది మూగ."

అతను సత్యానందం వైపు తిరిగాడు.

"ఏది ఏదో జయకర్ నీకు చెప్పలేదు. చెప్తే లెక్క చూసే కన్ను ఒక పక్కకు వాలుతాదని. నువ్వు వైరింగ్ పని చేసి వచ్చినోడివి. ఎరుపంటే కరెంటు తీగ. అదే మోగే పెట్టెనుకున్నావు. వేడి తగిలినా ఆ జీను లేస్తాదంట, డాక్టరును అడిగినా. వేడినీళ్ళ సంచి పెట్టినావు. మూగపెట్టె అరిచింది. పొద్దున జయకర్ ఆ వేడి చూసి నిలదీసినాడు, స్టూలెత్తి కొట్టినావు."

"మా అన్న మీద బాంబులేసినోడు దస్తగిరి. ముక్కలు గోనెసంచిలో ఏరుకొచ్చినా సార్. కేసు కొట్టేసినారు."

"జయకరేం చేసినాడు?"

"అడ్డమొచ్చినాడు."

లీడరు లేచాడు. "అయితే పచ్చదానిలో?"

"ఏమీ మారలేదు. దస్తగిరి మీదికి మనుషుల్ని పంపినావా?"

"పొద్దున్నే పోయినారు." లీడరు బల్ల మీది ఫోను వైపు చూశాడు. "పోలీసులకు దొరుకుతారని వాళ్ళకు ఫోన్లు ఇయ్యలేదప్పా."

అలీ అహ్మద్ వైర్‌లెస్‌లో పులివెందుల స్టేషన్‌కు చెప్పాడు. దస్తగిరికి ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఇంటికి చేశాడు. భార్య ఖమర్‌బీ ఎత్తింది.

"ఆ రిపోర్టు విని భయపడినాడు సార్. నెత్తురు చెడిపోతాదని ఫోను బాయిలో పారేసినాడు. ఏమైంది?"

అతను జవాబు చెప్పేలోగా బల్ల మీద వైర్‌లెస్ గరగరలాడింది. పులివెందుల బస్టాండులో దస్తగిరిని నరికినారు. 4.05కి.

"ఏమైంది సార్?" అని ఖమర్‌బీ మళ్ళీ అడిగింది.