తెగిన అరచెయ్యి

పొద్దున్నే అద్దాల మేస్త్రి గాజు పలక మీద గీత గీసి, కింద నుంచి మెల్లగా తట్టాడు. పలక గీత వెంటే రెండుగా విడిపోయింది. ఇంటి ముందుగదే దుకాణం. భార్య టీ తెచ్చి చేతికిచ్చింది. ఆవిడ వెనకే కూతురు వచ్చి నిలబడింది.

"నాన్నా, నేను పెళ్ళి చేసుకుంటానన్న ఆ సర్వేయరు ఇవాళ నిన్ను కలవడానికి వస్తానన్నాడు. అతను వచ్చేలోపు నీకొకటి చెప్పాలి."

"ఏంటి, తాగుతాడా? మీ మేనమామ కంటే ఎక్కువా?"

"మా తమ్ముడి మీద పడకపోతే మీకు తెల్లారదు" అంది భార్య.

కూతురు నవ్వలేదు. "అతనికి హెచ్ఐవి ఉంది నాన్నా."

టీ గ్లాసు గోడకి కొట్టుకుని ముక్కలైంది. ఆ చప్పుడు ఆగకముందే కూతురి చెంప మీద దెబ్బ పడింది.

"నీక్కూడా అంటించాడా?"

"లేదు. పరీక్ష చేయించుకున్నాను. అతను రోజూ మందులు వేసుకుంటాడు. రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిపోయింది. అలా ఉన్నంతకాలం కాపురం చేసినా నాకు రాదని డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు."

"కాపురమా! సిగ్గులేకుండా నా ముందే అంటున్నావా?"

రెండో దెబ్బ మరీ గట్టిగా పడింది. అడ్డొచ్చిన భార్యని ఒక్క తోపు తోశాడు. ఆవిడ ఫ్రేముల మీద పడింది. సరిగ్గా అప్పుడే సర్వేయరు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు.

మేస్త్రి అతని కాలరు పట్టుకుని లోపలికి ఈడ్చాడు. "ఎవత్తెతో తిరిగి తెచ్చుకున్నావురా?"

"ఒకామెను ప్రేమించాను మేస్త్రిగారూ. తనకుందని ఆమెకూ తెలియదు."

"ఇప్పుడు నా కూతురు కావాల్సొచ్చిందా?"

సర్వేయరు పెదవి చిట్లింది. కడుపులో గుద్దు పడింది. అతను ముడుచుకుపోయాడే గాని చెయ్యి ఎత్తలేదు. "నాన్నా, చచ్చిపోతాడు!" అని కూతురు తండ్రి వీపు మీద బాదుతున్నా మేస్త్రి ఆగలేదు. అతన్ని ఎత్తి బల్ల మీదకి విసిరాడు. గాజు పలక ఫెళ్ళుమంది. అరచెయ్యి అడ్డంగా తెగి నెత్తురు కారింది.

ఆ దుకాణంలో ఒక అలవాటుంది. ఎవరి చెయ్యి తెగినా, గుడ్డ దొరికేదాకా దగ్గరున్నవాడు తన బొటనవేలితో గాటుని నొక్కిపట్టాలి. అందులో ఆలోచించడానికేమీ ఉండదు. మేస్త్రి చెయ్యి కూడా ముప్ఫై ఏళ్ళ అలవాటున దానంతటదే ముందుకు వెళ్ళింది.

సర్వేయరు తెగని చేత్తో అతని గుండెల మీద బలంగా తోశాడు. మేస్త్రి గోడకి గుద్దుకున్నాడు.

"ముట్టుకోకండి! మీ వేళ్ళనిండా పచ్చి గాట్లే."

మేస్త్రి తన వేళ్ళు చూసుకున్నాడు. నిన్న తెగింది ఒకటి, ఇందాక కొట్టడంలో చిట్లింది ఇంకొకటి. ఇంతసేపు తన్నులు తిని ఒక్కసారి కూడా ఎదురు తిరగనివాడు, తిరగబడింది ఇందుకా? గోడ వెంటే జారి నేల మీద కూలబడ్డాడు.

కూతురు మందపాటి తువ్వాలు మడిచి సర్వేయరు చేతికి అదిమింది.

"నా కూతురికి ఎప్పుడు చెప్పావు?" మేస్త్రి అడిగాడు.

"రెండోసారి కలిసినప్పుడు. అప్పటికి చెయ్యి కూడా పట్టుకోలేదండీ."

భార్య నడుం పట్టుకుని లేచింది. "అతను చెప్పకపోతే మనకి తెలిసేదా?" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆ మాట మాత్రం తిన్నగా వచ్చి తగిలింది.

మేస్త్రి కూతురి వైపు చూశాడు. బుగ్గ మీద తన నాలుగు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

ఆమె లేదంటుందని ఎదురుచూశాడు. అనలేదు. అతనికి ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి నెత్తుటి మరకల చేతులు అడ్డం.

చేతులు కడుక్కుని వచ్చి సర్వేయరు చెప్పులు గుమ్మం దగ్గర్నుంచి తెచ్చి, అతని కాళ్ళ ముందు పెట్టాడు.

"లే బాబూ. కుట్లు వేయించుకొద్దాం. ఎవరు చేశారని డాక్టరు అడిగితే, నేనే చెబుతాను."