పది నెలల చేయి

జయశీల భయమల్లా ఒక్కటే: తను పక్కన లేనప్పుడు బిడ్డకు ఏమైనా అవుతుందని.

2061లో కూడా పల్నాడులో మిరప కోతకు వెళ్లే తల్లులు చేలోనే మూడు కర్రలు పాతి చీర ఉయ్యాల కట్టుకునేవారు. జయశీలా అంతే. రెండు సాళ్లు కోసి, చేతుల మంట పోయేలా మజ్జిగతో రుద్ది కడుక్కుని, ఉయ్యాల్లోని మిన్నుకు పాలిచ్చి మళ్లీ సాల్లోకి వెళ్లేది.

ఆ ఏడు మిరప కొనే దేశాలు కొత్త నిబంధన తెచ్చాయి. పిల్లల చేయి పడిన పంట తీసుకోబోమన్నాయి. అందుకని మిర్చి యార్డు గేటులో స్పర్శమాపకం పెట్టారు. మనిషి చెమటలో వయసును బట్టి మారే అణువులుంటాయి. కాయ తొక్కకు అంటిన వాటిని దాని సెన్సర్లు చదివి, తాకినవాళ్ల వయసు చెప్పేస్తాయి. చిన్నపిల్లల చేత పని చేయించకూడదనే దాన్ని తయారుచేశారు.

జయశీల బస్తాలు యంత్రం ముందుకు వచ్చాయి.

“తాకినవారు ఇద్దరు. ఇరవై మూడేళ్లు. పది నెలలు. తిరస్కృతం.”

“పది నెలల కూలీనా? కూలెంతిత్తన్నావక్కా?” అన్నాడు హమాలీ కోటయ్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

యంత్రం తయారుచేసిన హైమవతి అక్కడే ఉంది. జయశీల ఆమె దగ్గరికి వెళ్లింది.

“మేడమ్, అది కాయ కొయ్యలా. పాలియ్యడానికి ఎత్తుకున్నా, అంతే. మీ మిషన్‌కి ఆమాత్రం తెలవదా?”

“ఎత్తుకుంటే అంటిన చెమటేదో, కోస్తే అంటిందేదో దానికి తెలియదమ్మా. నిబంధనలోనూ ఆ తేడా లేదు. ఇంట్లో వదిలి రండి.”

“ఇంట్లో ఎవరున్నారండీ? మా ఆయన చేపల చెరువుల కాడ పన్లో ఉన్నాడు. ఊళ్లో ఆడోళ్లంతా కోతల్లోనే.”

“అది యంత్రం అడగదు,” అంది హైమవతి.

ఈ సరుకు పోకపోతే కౌలు చేను చేయి జారుతుంది. రెండో కోతకు ఆ ఊరి చేలల్లో ఒక్క ఉయ్యాలా కట్టలేదు.

“తాకినవారు ఒక్కరు. ఇరవై మూడేళ్లు. స్వచ్ఛం,” అని యంత్రం పచ్చ ముద్ర వేసింది. ఈసారి కోటయ్య తలొంచుకుని బస్తా ఎత్తుకున్నాడు.

హైమవతి సంతోషించింది. “చూశారా, ఎంత తేలికో.”

“ఒకటి అడుగుతా మేడమ్. పసోళ్ల చెమట ఇట్టా ఉంటదని దీనికెవరు నేర్పారు?”

“మా బాబు చెమటతోనే నేర్పాం,” అంది హైమవతి మురిపెంగా. “వాణ్ని వదిలి ఉండలేక ల్యాబ్‌లోనే పక్కన ఉయ్యాల వేసుకుని పనిచేశాను.”

జయశీల ఆమె ముఖంలోకి చూసింది. అక్కడ తప్పు చేసిన ఛాయే లేదు.

సరుకు లారీకెక్కేదాకా రైతు కదలకూడదన్నది ఇంకో నిబంధన. లారీల వరుసలో జయశీల ముందు ఇంకా నలభై మంది ఉన్నారు. పొద్దు నడినెత్తికొచ్చింది.

ఇది చదివేవారెవరైనా ఆ ఊరి మీదుగా వెళుతుంటే, కాలువ పక్కన బయట గొళ్లెం పెట్టిన రేకుల ఇల్లు ఒకటుంటుంది. తాళం వేయలేదు. కాస్త తలుపు తీసి మిన్ను ఎలా ఉందో చూడండి.